టార్పాలిన్లు కప్పిన డాబా

మా మరిది నోటి నుంచి రోజుకి పది మాటలొస్తే గొప్ప. లారీల మీద సరుకు తడవకుండా కప్పే టార్పాలిన్లు కుట్టడం ఆయన పని. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇద్దరు మనుషులవి. దబ్బనం పోట్లకి వేళ్ల చివర్లు ఎంత మొద్దుబారిపోయాయంటే, పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించేస్తాడు. వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆయన టార్పాలిన్ బాబాయి. నా భర్తకి ఒక్కగానొక్క తమ్ముడు. నా భర్త చనిపోయిన ఏడాది వానలు మొదలయ్యేసరికి, ఎవరూ అడక్కుండానే మా ఇంటి ముందు కారే చూరుకి టార్పాలిన్ కట్టి, "తడుస్తున్నారు కదా వదినా" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. అలాంటి మనిషి తన గోడు తను చెప్పుకోలేడు. అందుకని నేను చెబుతున్నాను.

ఇల్లు కట్టేటప్పుడు గదులు చిన్నవైనా ఫర్వాలేదు, డాబా మాత్రం పెద్దదిగా ఉండాలని మేస్త్రీతో పట్టుబట్టాడు. నా తోడికోడలు అప్పటికి ఇంకా బతికే ఉంది. "కాపురం గదుల్లో చేస్తారా, డాబా మీద చేస్తారా?" అని అందరి ముందూ ఆటపట్టించింది. 

"కాపురం నడిపేది డాబాయే" అన్నాడు మా మరిది. 

నిజమే అన్నాడు. కాన్వాసు గుడ్డ కోసి, అంచులు మడిచి మందపు దారంతో కుట్టి, కరిగించిన మైనం కుంచెతో పట్టించి, దాన్ని ఎండలో పరవాలి. ఒక వైపు మైనం పీల్చుకున్నాక తిరగెయ్యాలి. ఎండ చాలని టార్పాలిన్ మడతల్లో పగులుతుంది, పగిలిన చోట నీళ్లు దిగుతాయి. సరుకు తడిసిన లారీవాడు వచ్చి గుమ్మంలో నిలబడి తిట్టే తిట్లు పిల్లలు వినకూడదు. అందుకని ఆ డాబా మీద ఎప్పుడు చూసినా ఏదో ఒక నీలం గుడ్డ ఎండుతూనే ఉండేది.

ఇల్లు బ్యాంకు లోను మీద కట్టుకున్నది. లోను తీరేదాకా ఇంటికి బీమా ఉండి తీరాలని బ్యాంకు షరతు. మనం బీమా ఆపేస్తే, బ్యాంకే తనకి నచ్చిన రేటుకి ఒక బీమా చేయించి ఆ ఖర్చు మన వాయిదాలో కలిపేస్తుంది. వాయిదా మొయ్యలేకపోతే ఇల్లు వేలానికి వెళుతుంది. ఇదంతా మా మరిదిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ చెప్పారు. ఇల్లు ఎలా పోతుందో అంత వివరంగా చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా బీమా రేటు ఎలా లెక్కకడతారో చెప్పలేదు.

బీమా కంపెనీ తరఫున మా వీధికి వచ్చే ఏజెంటుకి రెండు ఫోన్లు. ఒకటి చెవి దగ్గర, ఒకటి చేతిలో. మర్యాద తెలిసినవాడే, కాకపోతే ఆ మర్యాద వెనక ఏముందో కనపడనివ్వడు. మొదటిసారి రేటు పెరిగినప్పుడు మా మరిది కిక్కురుమనకుండా కట్టేశాడు. మరుసటి ఏడు ఇంకా పెరిగింది. అప్పుడు ఏజెంటు మా గుమ్మం దాటి పోతుంటే నేనే ఆపాను.

"ఏం నాయనా, మా మరిది ఇల్లు ఏమైనా పెరిగిందా?"

"లేదండి పెద్దమ్మగారూ, ఎందుకలా అడుగుతున్నారు?"

"రేటు పెరిగింది కదా. ఇల్లు కూడా పెరిగిందేమో, మాకే కనపడట్లేదేమోనని."

నవ్వాడు. "కంపెనీ పెంచిందండి, నా చేతిలో ఏముంది? రిస్కు పెరిగింది."

"ఎక్కడ పెరిగిందో చూపించు, చీపురు పెట్టి ఊడ్చేస్తాను."

"అదంతా సిస్టం చూసుకుంటుందండి. ఈ మధ్య గాలివానలు ఎక్కువయ్యాయి కదా. మీవాళ్ల ఇంటికి పైకప్పు దగ్గర రిస్కు చూపిస్తోంది."

"పైకప్పుకి ఏమొచ్చింది?"

అంతలో రెండో ఫోను మోగింది. అతనికి అవసరం పడినప్పుడల్లా ఆ రెండో ఫోను మోగుతుంది.

పక్కింట్లో కుట్టుమిషను దగ్గర కూర్చున్న మా మరిది చెవిన ఆ మాట పడింది. పైకప్పు. ఆ మాట పట్టుకుని లారీల పనంతా పక్కన పెట్టేసి, డాబా కొలతకి సరిపోయేలా ఒక టార్పాలిన్ కుట్టాడు. తన దగ్గరున్న గుడ్డల్లో మేలైన గుడ్డ. అంచుల వెంబడి ఇత్తడి రింగులు, గాలికి లేవకుండా పిట్టగోడ చుట్టూ బిగించిన తాళ్లు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాడు.

"డాబా కారట్లేదు కదయ్యా, దానికి దుప్పటి ఎందుకు?" అన్నాను.

"కారదు వదినా. కానీ వాళ్లకి భయంగా ఉందట కదా. రేపెవరైనా వచ్చి చూస్తే, ఈయన ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటున్నాడని తెలుస్తుంది. అప్పుడు తగ్గిస్తారు."

ఎవరూ వచ్చి చూడలేదు. రేటు మళ్లీ పెరిగింది. ఆయన మొదటి దాని మీద రెండో టార్పాలిన్ పరిచాడు. రేటు మళ్లీ పెరిగింది. ఈసారి వచ్చిన మొత్తం చూసి, సున్నాలు తప్పు చదివానేమోనని కాగితం నా చేతికిచ్చాడు. నెలాఖరులోగా కట్టాలి, లేకపోతే పాలసీ పోతుంది. పాలసీ పోతే బ్యాంకు ఏం చేస్తుందో ముందే చెప్పి ఉంచారు కదా.

ఆ రోజు మా ఇంటికొచ్చి టీ కప్పు చేత్తో పట్టుకుని చల్లారిపోయేదాకా కూర్చున్నాడు.

"ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను వదినా. వాళ్లు లాక్కునేదాకా ఎందుకు?"

"అమ్మేసి?"

"ఎక్కడైనా ఒక గది."

"గదిలో ఏ మూల పరుస్తావు లారీ టార్పాలిన్? మంచం కింద మడిచి పెట్టుకుంటావా? ఆ ఇంట్లో నా తోడికోడలు ఇటుకలు తడిపింది తన చేత్తో. అమ్మే మాట ఇంకోసారి నా ముందు అన్నావంటే చూడు."

చల్లారిన టీ అలాగే పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు భయమేసింది.

ఊరికి ఆ చివర కాపురం ఉంటున్న ఆయన కూతురికి నేనే కబురు పెట్టాను. అది కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. తండ్రి మెతకదనం దానికి రాలేదు, ఆ ఒక్క విషయంలో పెద్దమ్మ పోలిక. ముగ్గురం కలిసి కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. గాజు తలుపు, చల్లటి గాలి, గోడ మీద గొడుగు పట్టుకుని నవ్వుతున్న కుటుంబం బొమ్మ. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ముఖం మంచిదే.

"మా నాన్న ఇంటి బీమా రేటు ఎందుకు పెరిగిందో చెప్పండి" అంది మా పిల్ల.

"రేటింగు ప్రకారం పెరిగింది మేడం."

"రేటింగు ఎందుకు పెరిగింది?"

"రిస్కు ప్రకారం."

"రిస్కు ఎవరు చూశారు? మా ఇంటికి ఎవరూ రాలేదే."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "కారణాలు చెప్పాలన్న రూలు లేదు మేడం. ఒకటి తెస్తారంటున్నారు. రేటు పెంచితే ఎందుకు పెంచారో మామూలు మాటల్లో రాసి పంపాలని. ఇంకా రాలేదు."

నేను ఇక ఆగలేకపోయాను. "చూడమ్మా, కూరగాయలవాడి దగ్గర వంకాయల రేటు పెరిగితే, ఏవయ్యా అంటే వాడు చెబుతాడు. వానకి పుచ్చిపోయాయనో, బండి రాలేదనో. నచ్చితే కొంటాను, లేకపోతే పక్క బండికి పోతాను. ఏ రూలు చూసి చెబుతున్నాడమ్మా వాడు? ఇంత చల్లటి ఆఫీసు కట్టుకున్నారు, ఆ ఒక్క మాట చెప్పడానికి మీకు నోరు రాదా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా మరిది తల వంచుకుని తన వేళ్లు చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి ఆ వేళ్లు చూసింది. అటూ ఇటూ చూసి, కంప్యూటరు తెర మా వైపు కొంచెం తిప్పింది.

"నేను చూపించినట్టు ఎవరికీ చెప్పకండి."

తెర మీద ఫోటో. పైనుంచి, విమానంలోంచి తీసిందట. ముందు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత మా వీధి కనిపించింది. మా పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పట్లు కూడా కనిపించాయి.

"నా దుప్పట్లు! ఎవరినడిగి తీశారు?"

"పెద్దమ్మా, ఆగు" అంది మా పిల్ల. దాని వేలు ఒక నీలం చదరం మీద ఉంది. మా మరిది డాబా. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం.

"పైకప్పు పాడైంది, కారుతోంది కాబట్టి తాత్కాలికంగా టార్పాలిన్ కప్పారు అని సిస్టం రాసుకుంది" అంది కౌంటరు అమ్మాయి. "పోయినేడు ఇంకా ఎక్కువ కప్పారని, అంటే ఇంకా పాడైందని..." 

మా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా మరిది తెర దగ్గరకి వంగి ఆ చదరం అంచుని వేలితో తడిమాడు.

"అవి నేను కుట్టినవమ్మా" అన్నాడు. "ఒక్క చుక్క దిగదు."

ఇంటికొచ్చిన మధ్యాహ్నమే తాళ్లన్నీ విప్పేశాడు. ఇంటిని చూసి నిజం రాసుకోవడానికి ఒక మనిషిని పంపమని మా పిల్ల కంపెనీకి అర్జీ పెట్టింది. అలాంటి అర్జీ ఒకటి పెట్టుకోవచ్చని కూడా ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరుగా ఒక ఆవిడ వచ్చింది. ఎండలో పడి వచ్చినా విసుక్కోలేదు. డాబా ఎక్కి మడమతో నేల తట్టి చూసింది, మూలలు చూసింది, గదుల్లో పైకి చూసింది. "మీ డాబా బంగారంలా ఉందండి. దీనికి ఆ రేటు వెయ్యడం తప్పే. రాస్తాను" అంది. ఎన్నాళ్ల తర్వాతో మా మరిది ముఖం విచ్చుకుంది. 

ఆ సంతోషమే కొంప ముంచింది. ఆవిడ వెళ్లబోతూ వరండాలో ఉన్న మైనం దిమ్మలు చూసి, "ఇవేమిటండి?" అంది. అంతే. తన పని గురించి అడిగిన మనిషే లేదు ఆయనకి జీవితంలో. స్టవ్ వెలిగించాడు. మైనం కరిగించాడు. నేను కళ్లతో సైగ చేశాను, దగ్గాను, "టీ పెట్టనా" అన్నాను. నా వైపు చూస్తేగా! మంట ఎంత ఉండాలో, నూనె ఎప్పుడు కలపాలో, పొగ ఏ రంగుకి తిరిగితే దించాలో అన్నీ చెప్పాడు. పదేళ్ల మాటలు ఆ అరగంటలో మాట్లాడేశాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. వింటూనే ముఖం చిన్నబుచ్చుకుంది.

"చూశాక రాయకుండా ఉండలేనండి" అంది వెళ్లేటప్పుడు.

వారం తిరక్కుండా ఏజెంటు వచ్చాడు. పైకప్పు మీది రిస్కు కొట్టేశారు. ఇంట్లో మంట పెట్టి మైనం కరిగించే పని జరుగుతోంది, అంటుకునే సరుకు నిల్వ ఉంది, కాబట్టి ఇంటి రేటుకి బీమా కుదరదు. ఆ పని, ఆ సరుకు ఇంట్లోంచి తీసేస్తే పాత రేటుకే ఇస్తారు. కారణం చెప్పమని అడిగాం, ఈసారి చెప్పారు. అది కాదనను. అబద్ధపు కారణమూ కాదు, మైనానికి నిప్పంటుకుంటే ఏమవుతుందో నాకు తెలియనిదా? మొదటి ఏడే ఈ రెండు మాటలూ చెప్పి ఉంటే, నిమ్మళంగా చోటు వెతుక్కునేవాడు. కట్టిన డబ్బంతా కట్టి, చేతులు ఖాళీ అయ్యాక చెప్పారు.

"ఏం చేస్తావు?" అన్నాను.

"ఇల్లు నిలబడాలి కదా వదినా."

లారీలు ఆగే చోట ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. మిషను, మైనం, గుడ్డ బేళ్లు అన్నీ అక్కడికే పోయాయి. అక్కడ దొంగల భయం. ఒక్క బేలు పోయినా ఆయన కోలుకోలేడు. అందుకని పడకా అక్కడే. పనిలేని రోజు పగటిపూట వస్తాడు, గదులు తిరిగి చూసుకుంటాడు, స్నానం చేసి వెళ్లిపోతాడు. బీమా పాత రేటుకే వచ్చింది. వాయిదాలు కడుతున్నాడు. ఇల్లు ఆయనదే. ఉండటానికే లేదు.

మొన్న మా పిల్ల పాలసీ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎవరూ కాపురం ఉండని ఇంటికి బీమా వర్తించదని ఒక చోట ఉందట. ఎన్నాళ్లు తాళం పడితే కాపురం లేనట్టు, పగలొచ్చి పోతే ఉన్నట్టా లేనట్టా, అది మాత్రం లేదు. ఏజెంటుకి ఫోన్ చేసి అడిగింది.

"మనిషి ఉన్నట్టు ఉండాలండి" అన్నాడట.

"ఎవరికి తెలిసేలా ఉండాలి? ఎలా చూస్తారు?"

"అది నాకు తెలియదండి. ఆఫీసులో అడగండి."

అడిగాం. ఇంకా చెప్పలేదు.

అందుకని రోజూ చీకటి పడే వేళకి నేను తాళం తీసుకుని వెళుతున్నాను. మోకాళ్లు మొత్తుకుంటున్నా వెళుతున్నాను. కిటికీలు తీస్తాను, ముందు గదిలో లైటు వేస్తాను, రెండు గిన్నెలు చప్పుడయ్యేలా కడుగుతాను. మా మరిది చొక్కా ఒకటి తడిపి డాబా మీద తీగకి ఆరేసి వస్తున్నాను. చొక్కా ఆరేస్తే మనిషి ఉన్నట్టు లెక్కో కాదో నాకు తెలియదు. నిన్న ఆయన వచ్చినప్పుడు ఆ చొక్కా చూసి, "ఇదెందుకు వదినా?" అన్నాడు.

"ఏమో నాయనా. తెలిసిన వాళ్లు చెప్పేదాకా ఆరేస్తాను" అన్నాను.

ఆ తీగ వదులైందని బిగించి కట్టి, షెడ్డుకి వెళ్లిపోయాడు.