ఒకరోజు ముందే నడిచిన దారి

మొన్న ఒమాన్‌లో, సమాయిల్‌లోని మా గోదాముకు కొత్త శ్లాబు పోసి, ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పారు. ఎండకు వాటి నుంచి లేచిన ముక్కవాసన తగలగానే మా మేస్త్రి గంగారామన్న గుర్తొచ్చాడు. కొందరికి మనుషులను మల్లెపూలు గుర్తుచేస్తాయట. నాకు మాత్రం గోనెసంచులే.

గంగారామన్నది జగిత్యాల వైపు పల్లె. నేను బీయస్సీ ముగించుకుని కాకినాడ నుంచి స్టోర్‌కీపరుగా దిగిన రోజున, కంపెనీ మనిషి నా పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళిపోయాడు. గంగారామన్న నన్ను తీసుకుని నడిచాడు. రూమ్ నుంచి సైట్ దాకా, ఖర్జూర తోటల గోడల వెంట, ఎండలో నలభై నిమిషాలు. నాచేత సైట్ గేటు తాకించి, "ఇగ నువ్వే ముందల నడువు. నేను ఎనుకొస్త" అన్నాడు.

"రేపటి నుంచి బస్సుంది కదన్నా?"

"బస్సు రాకపోతే? డిగ్రీ సారువు, గింత తెలువదా?"

రెండుసార్లు తప్పు సందులోకి తిరిగాను. ఆయన సాయం చేయలేదు. దగ్గాడంతే. రూముకు చేరాక టీ పోసిచ్చి, "డ్యూటీ రేపు. తొవ్వ ఇయ్యాల్నే" అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆయన చేసే పట్టాభిషేకం ఇదేనని తర్వాత తెలిసింది.

ఆరేళ్ళకు కంపెనీ ఒక నీటిశుద్ధి యంత్రం కొని, నడపడం నేర్చుకురమ్మని నన్నొక్కణ్ణే వియన్నా పంపింది. మొదటి రోజు ఎనిమిదింటికి తలుపు మూస్తారని, ఆలస్యమైతే శిక్షణలో చోటు ఉండదని కాగితంలో రాసి ఉంది. చోటు పోతే ఆపరేటర్ ఉద్యోగం పోయినట్టే. మళ్ళీ మేకుల పెట్టెల మధ్యకే రావాలి.

హోటల్లో అమ్మాయి పాస్‌పోర్టు అడిగింది. ఇచ్చేసి, నమస్కారం పెట్టి లిఫ్ట్ ఎక్కాను. ఆమె మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. చూసినవాళ్ళు దాన్ని తిరిగి కూడా ఇస్తారన్న సంగతి ఆరేళ్ళలో మరచిపోయాను.

గదిలోంచి సమాయిల్‌కు, గంగారామన్నకు ఫోన్ చేశాను.

"తొవ్వ చూసినవా?"

"ఫోన్‌లో మ్యాపుందన్నా. ఇరవై నిమిషాలే."

"పొద్దుగాల ఫోన్ నడుస్తదా, నువ్వు నడుస్తవా?"

ఆయన్ను తిట్టుకుంటూ, విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కున్నాను. బయట సన్నటి వాన. గొడుగు లేదు; ఒమాన్ నుంచి వచ్చేవాడి సామాన్లలో అది ఉండదు. మ్యాపు ప్రకారం కాలువ మీద వంతెన ఉండాలి. ఉంది, సగం. మిగతా సగం విప్పేసి కంచె కట్టారు. హెల్మెట్ పెట్టుకున్న పనివాడొకడు ఎక్కడో దూరాన మరో వంతెన చూపించాడు. చుట్టూ తిరిగేసరికి గంట దాటింది. శిక్షణ కేంద్రం తలుపు ముట్టుకుని వెనక్కొచ్చాను.

మర్నాడు ఏడున్నరకే చేరాను. మ్యాపును నమ్ముకున్న ఇద్దరు ఎనిమిదీ పదికి తడిసి ముద్దై వచ్చారు. అద్దం తలుపు తెరవలేదు. వాళ్ళను చూసి జోకు వేయాలనిపించలేదు. నా విషయంలో ఇది అరుదు.

సాయంత్రం ఫోన్‌లో ఇదంతా గంగారామన్నకు చెప్పాను. అప్పుడు ఆయన తన సంగతి చెప్పాడు. వయసులో ఉండగా ఒమాన్‌లోనే బురైమి అనే ఊళ్ళో దిగిన మర్నాడే బస్సు తప్పిపోయి, సైట్ ఎటో తెలియక రెండు రోజులు తిరిగాడట. సైట్ దొరికేసరికి కంపెనీ 'పారిపోయాడు' అని రాసేసి, ఇంటికి పంపేసిందట. మళ్ళీ రావడానికి నాలుగేళ్ళు పట్టిందట.

"ఎవ్వడన్న ఒక్కసారి తోల్కపోయి సూపెడ్తే అయిపోతుండె తమ్మీ. ఎవ్వలు లేకుండిరి."

ఆ మాట అన్నాక వెంటనే, ఏం తిన్నావని అడిగాడు.

పోయిన ఏడాది ఆయన పని మానుకుని ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఇప్పటికీ ఏ కొత్త ఊరికి పనిమీద వెళ్ళినా ఒకరోజు ముందే దిగి నడుస్తాను. మా ఆవిడ దాన్ని జబ్బంటుంది. కాదనలేను. బురైమిలో ఆ రెండు రోజులు ఆయన పక్కన నడవడానికి ఎవరూ లేరు. ఆయనకు తోడుగా నడవడానికి నేను చాలా ఆలస్యంగా బయల్దేరానని తెలుసు. అయినా నడుస్తున్నాను.