చెవులమ్మ ఎంచిన మైకు

ఆ బడిలో రికార్డింగు గది చూసుకునే ఆవిడను అందరూ చెవులమ్మ అనేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మూడు గదుల అవతల కుళాయి సరిగ్గా కట్టకపోయినా ఆమెకు తెలిసిపోయేది. "ఎవరమ్మా అది, చుక్క చుక్క పోతోంది, కాస్త తిప్పిరండి" అని గది లోపలినుంచే కేకేసేది. ఎవరో ఒకరు వెళ్లి చూస్తే నిజంగానే పోతుండేది.

ఇంట్లో ఆ పేరు మీద ఎప్పుడూ నవ్వులాటే. ఆమె భర్త దర్జీ. ఆయనకు ఎడమ చెవి పుట్టుకనుంచీ వినపడదు. "దేవుడు మనిద్దరికీ నాలుగు చెవులూ సరిగ్గానే పంపాడే. పంచేటప్పుడు తొందరలో నాది ఒకటి నీకిచ్చేశాడు" అనేవాడు. "కావాలంటే తీసుకోండి, మీ మిషను మోత వినలేక చస్తున్నా" అనేది ఆమె.

ఆమె ఆ బడికి ఆయాగా వచ్చింది. చదివింది ఏడో తరగతి. ఒకప్పుడు అట్లాసులూ పటాలూ పెట్టే గదిని రికార్డింగు గది చేసి, కళ్లు కనపడని పిల్లల హాస్టళ్లకు పాఠాలు చదివి పంపడం మొదలుపెట్టిన రోజుల్లో, ఆ గది ఊడ్చే పని ఈమెది. యంత్రం తిప్పే ముసలాయన ఒకరోజు, "అమ్మాయ్, ఇందాక పాఠంలో ఏదో గరగర వచ్చింది, ఎక్కడో తెలియట్లేదు" అని తల పట్టుకుంటే, చీపురు పక్కన పెట్టి, "కుర్చీ కాలికింద ఇసుక రేణువుందయ్యా, మాస్టారు కదిలినప్పుడల్లా వస్తోంది" అంది. ఆ ముసలాయన ఆమెను ఎగాదిగా చూసి, మర్నాటినుంచీ మీట మీటా చూపించి నేర్పాడు. ఆయన పని మానుకున్న రోజు తన హెడ్‌ఫోను తీసి ఆమె నెత్తిన పెట్టి వెళ్లాడు. మనుషులు ఒకరికొకరు ఇలా దారి చూపించుకుంటూ పోతారు. అది దైవం చేయించే పనే కాని మరొకటి కాదు.

గది చిన్నది. పైన ఒక ఫ్యాను, రికార్డింగుకు ముందు కట్టేయాలి. పక్క గోడ అవతల మోటార్లకు తీగ చుట్టే దుకాణం. చెవులమ్మ కిటికీలో ఎర్రగుడ్డ వేలాడదీస్తే ఆ మోటార్ల ఆయన సుత్తి కింద పెట్టేవాడు. "కానివ్వమ్మా, నేనూ కాస్త నడుం వాల్చుతా" అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ విసుక్కోలేదు. గుడ్డ వేలాడదీశాక ఆమె కళ్లు మూసుకుని, "స్వామీ, ఈ మాట ఎవరికి చేరాలో వాళ్లకు చేరనీ" అని మనసులో అనుకుని అప్పుడు మీట నొక్కేది. పాఠం అయిపోయేదాకా ఆ కళ్లు తెరిచేది కాదు. కళ్లు తెరిస్తే చెవి పలచబడుతుందని ఆమె నమ్మకం.

పాఠాలు చదివేది పెద్ద మాస్టారు. సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఒక్కరే. వారానికి మూడు రోజులు ఇస్త్రీ చొక్కాతో పది నిమిషాలు ముందే వచ్చేవారు. ఎన్నో ఏళ్ల పాటు ఆయన గొంతు వింటూ పెరిగిన పిల్లలు ఆ హాస్టళ్లలో ఉన్నారు.

కిందటేడు ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు, గొంతు మాత్రం సన్నబడిపోయింది. గాలికి ఆరేసిన పలచటి పంచెలా ఉండేది ఆ గొంతు. ఉందా లేదా అన్నట్టు. పాత మైకు ఆ మాటను సగమే పట్టుకునేది. హాస్టలు వార్డెను మర్యాదగానే ఒక ఉత్తరం రాసింది. "మాస్టారంటే మాకు ప్రాణం. కానీ పిల్లలు పరీక్ష ముందు మూడేసిసార్లు వింటున్నారు, అప్పటికీ అర్థం కావట్లేదంటున్నారు. వీలైతే వేరెవరి చేతనైనా చదివించగలరా?"

హెడ్మిస్ట్రెస్ ఆ ఉత్తరం చెవులమ్మకు చూపించింది. మాస్టారికి చూపించే ధైర్యం ఆమెకు లేదు.

"ఎప్పుడో ఇక్కడ చదువుకున్నాయన గదికి కొత్త సామాను ఇప్పిస్తానంటున్నాడమ్మా. ఏది కావాలో మనమే చెప్పాలి. తిప్పేది నువ్వు కాబట్టి నువ్వే ఎంచు. శనివారానికి జాబితా ఇచ్చేయాలి."

"నేనా మేడం? నాకు ఇంగ్లీషు పేర్లు కూడా నోరు తిరగవు."

"పేర్లు నేను రాస్తాలే. ఇంకో మాట." హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కొత్త మైకులో కూడా ఆయన గొంతు తేలకపోతే, వచ్చే టర్మునుంచి వేరే వాళ్లను పెట్టక తప్పదు. పిల్లల పరీక్షలు కదా."

ఆ మాటతో చెవులమ్మకు సామాను ఎంచడం అంటే ఏమిటో తెలిసింది. ఎంచేది మైకును కాదు, మాస్టారు ఆ కుర్చీలో కూర్చోవడాన్ని.

సోమవారం మైకులమ్మే దుకాణానికి వెళ్లింది. దుకాణం ఆయన మంచి మాటకారి. గోడలన్నీ స్పాంజితో కప్పిన గదిలో కూర్చోబెట్టి, నిలువెత్తు మెరిసే మైకు ఒకటి పెట్టి, "అక్కా, చీమ తుమ్మినా పట్టేస్తుంది. పెద్ద పెద్ద స్టూడియోల్లో ఇదే" అన్నాడు. నిజమే, అక్కడ ఆయన గుసగుసలాడినా చెవిలో చెప్పినట్టుంది. అయినా ఆమె తొందరపడలేదు. "మీ గదిలో చీమ ఒక్కటే ఉంది బాబూ. మా గదిలో ఊరంతా ఉంది. అక్కడికి తెచ్చి వినిపించండి" అంది. పైగా నాలుగు ప్రశ్నలు వేసింది. వైరు తెగితే నేను అతుక్కోవచ్చా? మీటలు చేతికి తెలిసేలా ఉంటాయా, లేక తెర మీద వెతుక్కోవాలా? కరెంటు పోతే చదివినంత వరకూ ఉంటుందా? పిల్లలు పొరపాటున కింద పడేస్తే? దుకాణం ఆయన నవ్వు తగ్గించి, ఒక్కోదానికీ నిదానంగా జవాబు చెప్పాడు. దాంతో రికార్డరు సంగతి తేలిపోయింది. పెద్ద గుండ్రటి మీటలున్నది, బరువైనది, బ్యాటరీ కూడా ఉన్నది. చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోనూ అప్పుడే కుదిరింది. మిగిలింది మైకు.

బుధవారం ఆయన పెట్టెలో మూడు మైకులు తెచ్చాడు. మాస్టారు నది గురించిన పాఠం తెచ్చుకున్నారు. ఇదంతా కొత్త సామాను సరదా అనే ఆయన అనుకుంటున్నారు. ఎర్రగుడ్డ వేలాడింది, సుత్తి ఆగింది.

మెరిసే మైకు చీమను పట్టింది, మాస్టారి గొంతునూ పట్టింది. దాంతోపాటు మేడమీద నీళ్ల మోటారునూ, పక్క తరగతిలో ఎక్కాలనూ, వీధిలో ఎవరో ఎవరినో తిట్టుకోవడాన్నీ పట్టింది. "ఇది మాస్టారి పాఠమా, సంతా?" అంది చెవులమ్మ.

"అందుకే గోల తీసేసే పెట్టె ఉంది అక్కా" అని దుకాణం ఆయన దానికొకటి తగిలించాడు. గోల పోయింది. గోలతోపాటు మాస్టారి ప్రతి వాక్యం చివరా పోయింది. సన్నటి గొంతు కదా, ఆ పెట్టె దాన్ని కూడా గోల అనుకుంది. "నది కొండల్లో పుట్టి, మైదానాల్లో సాగి, చివరికి" అన్నదాకా వినపడి తర్వాత నిశ్శబ్దం. "సముద్రం దాకా పోనివ్వలేదు పాపం నదిని" అన్నారు మాస్టారు, తనే నవ్వుతూ.

చొక్కాకు గుచ్చే చిన్న మైకు పెట్టారు. ఆపరేషన్ అయినప్పటినుంచీ మాస్టారు మెడకు మఫ్లరు చుట్టుకుంటారు, చెప్తూ చెప్తూ దాన్ని సర్దుకుంటారు. ఎండుటాకుల మీద ఎద్దు నడిచినట్టు చప్పుడు.

మూడోది నల్లటిది, మొద్దులాంటిది. "ఇది దూరపు మాట పట్టించుకోదు. ఎదురుగా, జానెడు దూరంలో ఉన్నవాళ్లదే వింటుంది. దీని బలం చాలకపోతే ఈ మిక్సరు పెంచుతుంది" అన్నాడు దుకాణం ఆయన. పెట్టారు. చెవులమ్మ కళ్లు మూసుకుంది. "పిల్లలూ" అన్న మొదటి మాట దగ్గరగా, వెచ్చగా వచ్చింది. ఆమె గుండె లేచింది. రెండో వాక్యానికి గొంతు దూరమైంది. మూడోదానికి ఎవరో వీధి చివరకు నడిచిపోతున్నట్టు ఆరిపోయింది. మీట ఎంత తిప్పినా అంతే.

దుకాణం ఆయన మెల్లిగా ఆమె దగ్గరకొచ్చి, "మైకుల్లో లోపం లేదక్కా" అన్నాడు. లోపం ఎక్కడుందో అనకుండా ఊరుకున్నాడు. అది ఆయన మంచితనం.

మాస్టారు ఆ మాట విన్నారు. మఫ్లరు సర్దుకుని, "అమ్మాయ్, వార్డెను ఏమైనా రాసిందా?" అని అడిగారు. చెవులమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. తల వంచుకుంది. ఆయన పుస్తకం మూసి, "మంచిదే. పిల్లలకు అర్థం కావాలి కదా, ఎవరు చెబితేనేం" అని, కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్లిపోయారు. ఆ చప్పుడు లేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

గురువారం పొద్దున ఇంట్లో చెవులమ్మ చొక్కాలకు గుండీలు కుడుతూ జరిగిందంతా చెప్పింది. భర్త కత్తెర ఆపకుండా వింటున్నాడు.

"మొదటి మాట బాగా వచ్చిందన్నావు. తర్వాత ఆయనేం చేశాడు?"

"ఏం చేస్తారు, చదివారు."

"చదివేటప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతున్నానే. చూశావా?"

"చూడ్డానికేముందండీ, విన్నాను కదా!"

కత్తెర ఆగింది. "నేను ఒంటిచెవివాణ్ణి. మనుషుల మొహాలు చూస్తేనే నాకు సగం మాట తెలుస్తుంది. నువ్వు ఇన్నేళ్లుగా ఆయన మొహం చూడకుండా ఆయన మాట వింటున్నావన్నమాట. బాగుందే, నా చెవి కూడా నీ దగ్గరే ఉందని అంత మిడిసిపాటా?"

ఆమెకు గుండీ చేతిలోనే ఉండిపోయింది.

శుక్రవారం తనే మాస్టారి ఇంటికి వెళ్లింది. "ఒక్కసారి రండి మాస్టారూ, నా తృప్తి కోసం" అని బతిమాలి తీసుకొచ్చింది. దుకాణం ఆయన శనివారం దాకా ఉంచి వెళ్లిన నల్లమైకు పెట్టింది. గుడ్డ వేలాడదీసింది. మనసులో ప్రార్థన అనుకుంది. ఆ గదిలో మొట్టమొదటిసారి కళ్లు మూసుకోకుండా మీట నొక్కింది.

"పిల్లలూ" అన్నారు మాస్టారు, మైకుకేసి వంగి. అన్న వెంటనే వెన్ను నిటారుగా అయింది. తల పైకి లేచింది. చూపు మైకు మీదుగా, బల్ల మీదుగా, ఆవలి గోడ దాకా వెళ్లింది. వెనక వరుసను చూసి చెబుతున్నారాయన! పాఠమంతా ఆయనకు కంఠతా వచ్చు, పుస్తకం వంకే చూడరు. గొంతు బాగున్నన్నాళ్లు ఎటు చూసి చెప్పినా గది నిండేది, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఉన్న కాస్త గొంతూ మైకు నెత్తిమీదుగా గోడకు తగిలి పడిపోతోంది.

"మాస్టారూ, ఆ గోడ దగ్గర ఎవరున్నారండీ?"

ఆయన ఉలిక్కిపడ్డారు. కొంచెం సిగ్గుపడుతూ, "ఎవరూ లేరు. అలవాటమ్మా. ముందు వరుసకు ఎలాగూ వినపడుతుంది, వెనకవాళ్లే పాపం. తరగతిలో చెప్పే రోజుల్లో చివరి బెంచీ వెనక నువ్వు కూడా చీపురు పట్టుకుని నిలబడేదానివిగా. దీనికి వినపడితే అందరికీ వినపడినట్టే అనుకునేవాణ్ణి" అన్నారు.

ఆ సంగతి ఆయనకు తెలుసునని ఇన్నేళ్లలో ఆమె అనుకోలేదు.

లేచింది. మూల ఉన్న పటాల చెక్కపెట్టెను లాక్కొచ్చి బల్లకు ఇవతల, మైకుకు సరిగ్గా వెనక వేసింది. మైకును ఆయన నోటికి ఎదురుగా పైకెత్తి కట్టింది. రికార్డరు ఒళ్లో పెట్టుకుని పెట్టె మీద కూర్చుంది. ఇప్పుడు ఇద్దరి మొహాల మధ్యా మూరెడు దూరం, ఆ మధ్యలో నల్లమైకు.

"ముందు వరుసకు వచ్చేశాను మాస్టారూ. నాకు చెప్పండి."

మాస్టారు ఆమెకు చెప్పారు. గొంతు పెంచే పని లేకపోయింది. నది కొండల్లో పుట్టింది, మైదానాల్లో సాగింది, ఆగకుండా సముద్రం దాకా వెళ్లింది. ఆమె కళ్లు మూసుకోలేదు. ఆయన తల కాస్త లేచినప్పుడల్లా ఈమె ఏమీ తెలియనిదానిలా 'ఊఁ' అన్నట్టు తలాడించేది, చూపు మళ్లీ ఈమె మీదకు దిగేది. పాఠం అయ్యాక హెడ్‌ఫోను తీసి ఆయన చెవులకు పెట్టింది. ఆయన సగం విని, కళ్లు తుడుచుకోవడానికి మఫ్లరు ఎత్తారు. మైకు అప్పటికే కట్టేసుంది కాబట్టి ఆ చప్పుడు ఎక్కడా చేరలేదు.

శనివారం జాబితా హెడ్మిస్ట్రెస్ బల్ల మీదకు వచ్చింది. నల్లమైకు ఒకటి, దాన్ని మనిషి మొహం ఎత్తులో నిలిపే స్టాండు చెయ్యి, మిక్సరు, రికార్డరు, హెడ్‌ఫోన్లు రెండు, వైర్లు, కిటికీకి దళసరి పరుపుగుడ్డ. పరుపుగుడ్డ చెవులమ్మ భర్త కుట్టి ఇస్తానన్నాడు. అడుగున చెవులమ్మ గుండ్రటి చేతిరాతలో ఇంకొకటి ఉంది: కదిలినా కిర్రుమనని పొట్టి స్టూలు ఒకటి.

"ఇదేమిటమ్మా? సౌండు సామానులో స్టూలేమిటి?"

"మిగతావి ఏవైనా తగ్గించండి మేడం. అది మాత్రం కొట్టేయకండి."

హెడ్మిస్ట్రెస్ నది పాఠం విని ఉంది. కొట్టేయలేదు.

ఆ పాఠం హాస్టలుకు వెళ్లిన మూడో రోజు వార్డెను ఫోను చేసింది. మాస్టారే చదవాలని పిల్లలు పట్టుబడుతున్నారట. పరీక్షకు అంతా అర్థమైందట. "ఇంకో సంగతండీ. ఒకమ్మాయి అడగమంది. మాస్టారి ముందు ఎవరో కూర్చుని వింటున్నారట కదా, ఎవరావిడ అని."

ఫోను చెవిన పెట్టుకున్న చెవులమ్మకు ఆశ్చర్యం వేసింది. పాఠం పొడుగునా ఆమె ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. పంపేముందు మొత్తం రెండుసార్లు వేసుకుని వింది కూడా, ఆ రికార్డింగులో తన చప్పుడు ఒక్కటీ లేదు.

"నాకంటే మంచి చెవులున్నాయండీ ఆ పిల్లకు" అంది. "వెనక వరుసలో ఉండే ఒకావిడ అని చెప్పండి."