అంగడితో పాటు మూసిన సైటు

మొన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటరు తెరిచేసరికి ఒక హోస్టింగ్ కంపెనీ నుంచి మెయిలు వచ్చి ఉంది. వేలూరులో ఆస్పత్రి వీధిలోని ఒక లాడ్జికి నేను నడిపే సైటు పాత వ్యవస్థ మీద ఉందనీ, దాన్ని త్వరలో ఆపేస్తున్నామనీ, కొత్తదానికి మారడం బహు సులభమనీ, ఒక్క బటన్ నొక్కితే మిగిలినదంతా తామే చూసుకుంటామనీ రాసి, చివర ఒక నవ్వు బొమ్మ కూడా అంటించారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. లాడ్జి యజమానికి ఫోను చేసి సంగతి చెబితే, పాతవి ఎవరికి కావాలమ్మా, అంతా ఊడ్చేసి కొత్తగా పెట్టెయ్యమన్నాడు. సరేనని ఫోను పెట్టేశాను గానీ, ఆ బటన్ మాత్రం నొక్కలేదు. ఊడ్చెయ్యడమంటే ఏమిటో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా బయట ఎవరికీ చెప్పుకోలేదు, ఇవాళ మీకు చెబుతాను.

నాది జోలార్పేట. నాన్న రైల్వేలో పనిచేసేవారు కాబట్టి ఏ రైలు కూత వినిపించినా అది ఏ వైపు పోతోందో చెప్పగలగడమే మా చిన్నతనంలో పెద్ద తెలివి. డిగ్రీ అయ్యాక వేలూరులో కంప్యూటరు నేర్చుకున్నాను. ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి గుడిలోకి పోయినట్టు చెప్పులు బయట విడిచి పోయేవాళ్ళం, మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బ్రౌజింగ్ సెంటరులో ఒక ఫోటో తెర మీద పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతుంటే, నుదురు చూసి, కళ్ళు చూసి, గడ్డం దాకా వచ్చేలోపు మన గంట అయిపోయేది. అలా నేర్చుకున్న విద్యతో గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. ముందు అంగడి, వెనక ఇల్లు, అంగడి మీద ఒక గది. ఆ గదిలో కంప్యూటరు పెట్టుకుని, ఎవరి దగ్గరా ఉద్యోగం లేకుండా, అడిగినవాళ్ళకు సైట్లు కట్టిచ్చే పని మొదలుపెట్టాను. నేను చేసేదేమిటో ఇంట్లో ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు. అత్త మాత్రం వచ్చినవాళ్ళందరికీ “మా పెద్దకోడలు టీవీలో అంగళ్ళు కట్టిస్తాది” అని గర్వంగా చెప్పేది. ఆలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మా అంగడికీ ఒక సైటు కట్టాను. అక్కడొక చిక్కు వచ్చింది. మా వైపు తెలుగువాళ్ళం ఇంట్లో, అంగట్లో, పెళ్ళిళ్ళలో తెలుగే మాట్లాడతాం, మధ్యలో తమిళంలోకి పోయి మళ్ళీ వెనక్కి వస్తాం, కానీ చదివేది తమిళమే. తెలుగు అక్షరాలు నేనే పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. కొత్త సరుకు సంగతి తమిళంలో రాస్తే పలమనేరు, చిత్తూరు వైపు వ్యాపారులకు అందదు, తెలుగులో రాస్తే మోర్ధానా దారి పల్లెల నుంచి బండ్ల మీద వచ్చి సరుకు ఎత్తుకుపోయే మావాళ్ళకు అందదు. నేను తల పట్టుకుని కూర్చుంటే మామ “రాసేదెందుకమ్మా, నోటితో చెప్తే పోదా?” అన్నారు. సైటులో ఏ మాట, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో సర్దిపెట్టే వ్యవస్థను మేం సీఎంఎస్ అంటాం. అప్పుడు నేను వాడే, ఒక విదేశీ కంపెనీవాళ్ళ సీఎంఎస్‌లో ఒక సదుపాయం ఉండేది. ఒక నంబరుకు ఫోను చేసి మాట్లాడితే ఆ మాట నేరుగా ఆ కంపెనీ దగ్గర చేరి, మా సైటులో ఒక బటన్‌గా కనబడేది. దాన్ని ఎవరు నొక్కినా మామ గొంతు వినబడేది.

ఇక ఆయన్ను ఆపేవాళ్ళెవరు? పొద్దున్నే గల్లాపెట్టెకు ఊదొత్తి చూపించి, గొంతు సవరించుకుని, ఫోను తీసి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే మాట్లాడేవారు. “రా నాయనా, కూర్చో, మజ్జిగ తాగు. నీలం గళ్ళు కొత్త సరుకు వచ్చి ఉండాది, రంగు పోతే నన్నడుగు” అని ఆయన చెబుతుంటే, ఎక్కడో బెంగళూరులో వినేవాడికి కూడా దాహం వేసేది. ఒకసారి ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి, చల్లారిన టీ తెచ్చినవాణ్ణి తిట్టిన తిట్లన్నీ సైటులో చేరాయి. నేను తీసేస్తానంటే వద్దన్నారు, సరుకు సంగతి కంటే జనం అదే ఇష్టంగా వింటున్నారట. ఇంకోసారి అలాగే మరిచిపోయి, అన్నాల వేళ వెనక ఇంట్లో ఉన్న అత్తను “ఇదో, వస్తా ఉండా, ఆకెయ్యి” అని కేకేశారు. అదీ ఒక బటన్ అయి కూర్చుంది. మా పెద్దవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు, అత్త కాపురమంతా ఆ ‘ఇదో’తోనే గడిచింది.

తరవాత ఆయన గొంతులో పుండు లేచింది. మొదట జలుబన్నాం, ఆ తరవాత గుడ్డల దుమ్మన్నాం, వేలూరు డాక్టర్లు మా అనుకోవడాలన్నీ ఆపి జబ్బు పేరు చెప్పారు. ప్రాణం నిలవాలంటే గొంతు తీసెయ్యాలన్నారు, తీసేశారు. మెడ దగ్గర రంధ్రంతో మామ ఇంటికి వచ్చారు, మాట రాలేదు. నోటితోనే ఇన్నేళ్ళు వ్యాపారం చేసిన మనిషి అంగడి ముఖం చూడనని సైగ చేసి, గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఒక మధ్యాహ్నం నేను పై గదిలో సైటు సరిచేస్తూ ఏదో బటన్ నొక్కితే, “రా నాయనా, కూర్చో” అని ఆయన గొంతు గట్టిగా బయటికి వచ్చింది. కింద పడుకున్న మనిషి ఎలా మెట్లెక్కారో తెలియదు, గుమ్మంలో నిలబడి, మళ్ళీ నొక్కమని వేలితో చూపించారు. నొక్కాను. మళ్ళీ చూపించారు. మర్నాటి నుంచి నా పాత కంప్యూటరు ఒకటి గల్లాపెట్టె పక్కకు దిగింది, మామ అంగడికి దిగారు. ఎవరైనా నీలం గళ్ళ గురించి అడిగితే ఎప్పుడో నీలం గళ్ళ గురించి చెప్పిన మాట వెతికి మోగించేవారు, బేరం తెగకుండా విసిగించినవాణ్ణి టీవాణ్ణి తిట్టిన తిట్లతో సాగనంపేవారు. జనం నవ్వేవారు, ఆయనా చప్పుడు లేకుండా నవ్వేవారు.

అత్తకు మొదట్లో ఇది గిట్టలేదు. మనిషి ఉండగానే గొంతు పెట్టెలోంచి రావడం, ఉన్న మనిషి ఫోటోకు దండ వేసినట్టేనని ఆమె బాధ. “బతికుండే మనిషికి ఇదేం పని మే, ఆపించు” అని నా వెంటపడేది. ఒకరోజు అన్నాల వేళకు మామ ఆ ‘ఇదో’ బటన్ నొక్కారు. వెనక వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడు వినబడింది. మేం వెళ్ళేసరికి ఆకు వేసి, నీళ్ళు చల్లి, తలుపు చాటున నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ఆ కేక వినకుండా అత్త ఆకు వేసింది లేదు, ఆపమన్నదీ లేదు.

ఇలా కుదురుకుంటున్న రోజుల్లోనే ఆ కంపెనీవాళ్ళు పాత వ్యవస్థను ఆపేస్తామన్నారు. కొత్తది ఎన్నో విధాల మేలన్నారు. మేలే, కాదనను, కానీ అందులో ఫోను మాటలకు చోటు లేదు. రాతలు, బొమ్మలు తరలించవచ్చు. గొంతులు వాళ్ళ దగ్గరే ఉండేవి, దించుకునే దారి మనకు ఇవ్వలేదు. ఒక కంప్యూటరులో మాట మోగిస్తూ, వైరు తగిలించి, ఇంకో కంప్యూటరులో పట్టుకుని, పాటలా కొత్తదాంట్లో పెట్టడం ఒక్కటే ఉపాయం. సంగతి చెప్పినప్పుడు మామ, మాట పోయినప్పటి నుంచి దగ్గరుంచుకునే పలక ఒళ్ళోకి తీసుకుని, తమిళ అక్షరాల్లో తెలుగు రాసి చూపించారు, “రెండోతూరి గొంతు తీస్తారామ్మా?” అని. లేదు మామా, ఒక్క మాట కూడా పోనివ్వను అన్నాను.

మిగిలినవాళ్ళ సైట్లన్నీ గబగబా మార్చేశాను, మా అంగడిది మాత్రం సాగింది. నెట్టు నడిమధ్య ఆగేది, కరెంటు కోతలు వచ్చి పడేవి, పట్టుకోబోయిన ప్రతి మాటా సగంలో తెగేది, దాన్ని చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా ఏ మాటైనా తాను పక్కన కూర్చుని వింటుండగానే పట్టుకోవాలని ఆయన కోరిక. వింటూ పెదవులు కదిపేవారు. కానీ జబ్బు తిరగబెట్టి, కూర్చోగలిగిన రోజు కరెంటు ఉండేది కాదు, కరెంటు ఉన్న రోజు ఆయన లేవగలిగేవారు కారు. కంపెనీకి రాసి గడువు పెంచమని అడిగితే పెంచారు కూడా. ఆ ధైర్యంతో ఉండగానే మామ పోయారు.

అంగడి షట్టరు దించారు. మా వాళ్ళలో కర్మాంతరం అయ్యేదాకా అంగడి తెరవరు, వ్యాపారపు సామాను ముట్టరు. ఆ రెండో రోజో మూడో రోజో, మామతో పాటు అంగడి చూసుకునే మా మరిది నా దగ్గరికి వచ్చి, “నాయన పోయినాడు, ఈడ అంగడి మూసినాం, నీ కంప్యూటరులో మాత్రం తెరిచే ఉండాది వదినా. బెంగళూరులో మనోళ్ళు చూస్తే ఏమనుకుంటారు?” అన్నాడు. పెద్దలందరూ తలలూపారు. మధ్యలో వదిలేసిన పని ఉందని నేను అంటే మా చినమామ “గడువు ఇచ్చినారు కదమ్మా, మూసిన అంగట్లో సరుకు యాడికి పోతాది?” అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది. ఇంట్లో శవం లేచిన వారంలో రంగురంగుల లుంగీలతో ‘రండి రండి’ అనే పేజీ తెరిచి ఉండడం నాకే బాగాలేదు. సైటు ఆపేశాను. కంప్యూటర్లు కూడా అంగడి సామానే కాబట్టి వాటికీ తాళం పడింది, ఆ తాళం చెవులు మామ ఫోటో ముందు దీపం పక్కన పెట్టారు. ఫోనులో మెయిలు చూసుకునే కాలం కాదది.

కర్మాంతరం అయ్యాక షట్టరు ఎత్తి, గల్లాపెట్టెకు మరిది ఊదొత్తి చూపించాడు. నేను పైకి పోయి సైటు తిరిగి తెరవబోతే అక్కడ ఏమీ లేదు. పెంచిన గడువు నడుస్తున్న సైట్లకేనట. ఆపి ఉంచినవాటిని యజమానులు వదిలేసుకున్నారని లెక్కగట్టి, ఒక హెచ్చరిక పంపి, జవాబు రాకపోతే తీసేశారట. ఆ హెచ్చరిక నా కంప్యూటరులోనే, తాళం వెనక, చదివేవాళ్ళు లేక పడి ఉంది. వాళ్ళ దేశంలో మూసిన సైటంటే ఎవరికీ అక్కర్లేని సైటు కాబోలు, మనిషి పోయినందుకు మూసేవాళ్ళు ఉంటారని వాళ్ళకు ఎవరు చెప్పాలి? రాశాను, ఫోను చేశాను, సిగ్గు విడిచి బతిమాలాను. అవతలివాళ్ళు చాలా మర్యాదగా, తీసేసినదాన్ని తిరిగి తేలేమన్నారు.

అత్తకు ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్ళు తప్పించుకు తిరిగాను. చివరకు ఆమే బొట్టు తీసిన ముఖంతో వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, “ఆ ‘ఇదో’ అనేది ఒకతూరి పెట్టమ్మా” అని అడిగింది. ఒకప్పుడు ఆపమన్న మనిషే. పోయిందత్తా అన్నాను. అర్థం కాలేదు. మనిషి పోయినాడు గానీ, పెట్టెలోది ఎట్లా పోతాది అంది. చెప్పాను. విని, ఏదీ మిగల్లేదా అని అడిగింది. ఒకటి మిగిలింది. వైరు సరిగా ఉందో లేదో చూడ్డానికి, చెడిపోయినా నష్టం లేదని మొట్టమొదట పట్టుకున్న మాట ఒకటి కొత్త వ్యవస్థలో చెక్కుచెదరకుండా ఉంది. ఏదో అమావాస్య సెలవుకు చెప్పింది. వద్దనుకుంటూనే నొక్కాను. “ఈ పొద్దు అంగడి లేదు నాయనా, రేపు రండి” అని మామ నిండు గొంతుతో అన్నారు.

అత్త ఏడవలేదు. ఇంకోసారి పెట్టించుకుని విన్నది. “రేపు రమ్మంటా ఉండాడే, యాడికి పొయ్యేది నేను?” అంది. ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ అన్నాల వేళకు వంటింటి గుమ్మంలో కాసేపు నిలబడి, ఎవరూ పిలవరని తేలాక వెనక్కి తిరిగి మా కోసం ఆకులు వేసేది. నేను చూస్తున్నానని తెలిస్తే, ఉత్తినే గాలి కోసం నిలబడ్డానని చెప్పేది. ఆమె కూడా పోయి చాలాకాలమైంది. ఆ సైటును నేను తరవాత ముట్టుకోలేదు, మరిది ఇంకెవరికో అప్పగించాడు.

ఇప్పుడు ఆ అంగడి సైటులో మిషను గొంతు ఒకటి పలుకుతుంది. ఎక్కడా తడబడదు, చక్కటి తెలుగులో స్వాగతం చెబుతుంది, అలాంటి తెలుగు గుడియాత్తంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. వ్యవస్థలు వాటంతటవే మారిపోతున్నాయి, మనం నిద్రలేచేసరికి అన్నీ కొత్త చోట సర్దుకుని ఉంటున్నాయి, నా బోటివాళ్ళు వైర్లు పట్టుకుని కరెంటు కోసం కాచుకునే పని లేదు. పోయిన ఏడు మా మరిది పోయినప్పుడు కూడా ఆ సైటు ఆగలేదు. ఇంట్లో ఏడుపులు వినబడుతుండగా నేను ఫోనులో తెరిచి చూస్తే, దయచేయండి, ఈ రోజు ప్రత్యేక తగ్గింపు ఉన్నది అని ఆ గొంతు ఆహ్వానించింది. ఎవరూ దాన్ని ఆపమనలేదు, ఆపాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఒకప్పుడు అలా ఆపినందుకు ఏం పోగొట్టుకున్నామో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా ఆ పూట, మామ కోసం మూసినట్టు, ఒక్క వారం దాన్ని మూసి ఉంటే బాగుండుననిపించింది.