నాలుగున్నర నుంచి నాలుగు యాభై వరకు

2008 ఏప్రిల్‌లో నన్ను నలభై రోజుల డ్యూటీ మీద నారాయణఖేడ్ పంపారు. అప్పటికి నేను హైదరాబాద్ శివారులోని ఒక వినోదాల పార్కులో గేట్ల విభాగానికి సీనియర్ సూపర్‌వైజర్‌ని. టికెట్ కౌంటర్‌లో గుమస్తాగా చేరి పదిహేనేళ్లకు ఆ హోదాకు వచ్చాను. ఎండాకాలంలో మా కంపెనీ ఒక జెయింట్ వీల్‌నీ, పిల్లల రైలునీ, మరో రెండు చిన్న ఆటలనీ లారీల్లో వేసి జిల్లా పట్టణాలకు పంపేది. దాన్ని టూరింగ్ యూనిట్ అనేవాళ్లం. ఆ ఏడాది వంతు నారాయణఖేడ్‌ది. బస్ డిపోకి పది నిమిషాల నడక దూరంలో ఒక ఖాళీ మైదానం మాట్లాడారు. ఆ ఎండల్లో మెదక్ జిల్లా వెళ్లడానికి ఎవరూ ముందుకు రాకపోయేసరికి నా పేరు రాసేశారు. నేనేమీ సంతోషంగా వెళ్లలేదు.

పార్కుల్లో రిటర్న్ టైము ఎంత కచ్చితంగా పాటిస్తారని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. రిటర్న్ టైమంటే ఇది: రద్దీగా ఉన్న ఆట దగ్గర గంటల తరబడి నిలబడకుండా గేటు దగ్గర ఒక స్లిప్పు ఇస్తాం. దాని మీద ఒక ఇరవై నిమిషాల వ్యవధి రాసి ముద్ర వేస్తాం. ఆ వ్యవధిలో వస్తే నేరుగా ఎక్కించుకుంటాం. ఒక్క నిమిషం ముందొచ్చినా ఎక్కనివ్వం. ఆలస్యంగా వస్తే స్లిప్పు చెల్లదని దాని వెనకే అచ్చువేసి ఉంటుంది. అయితే గేటు మనిషి చేతిలో పది నిమిషాల వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది. అది ఎక్కడా రాయరు, బయటికి చెప్పరు. చెబితే జనం దాన్నే అసలు టైము చేసుకుంటారు.

నా గేట్లలో ఆ పది నిమిషాలు కూడా లేవు. ఒకసారి అరగంట ఆలస్యంగా వచ్చిన కుటుంబాన్ని జాలిపడి లోపలికి పంపాను. వెనక ఎండలో నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? గొడవ ముదిరి మా గేటు మనిషి చొక్కా చిరిగింది. ఆ రోజు నుంచి చేతి గడియారం తప్ప మరొకరి ముఖం చూడటం మానేశాను. నా వెనక అందరూ గడియారం మేడం అనేవారు. నాకు తెలుసు. కాస్త గర్వంగా కూడా ఉండేది.

గేటు పనికి ఊళ్లో మనిషినే పెట్టుకోవాలని మా నియమం. అలా దొరికినవాడు ఖాజా. నలభై దాటిన మనిషి, అంతకుముందు ఒక విత్తనాల దుకాణంలో హమాలీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, గేటు దగ్గర నాకన్నా చురుకైన తెలుగు మాట్లాడేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం మైదానానికి వచ్చేసరికి జెయింట్ వీల్ గేటు ముందు మనిషన్నవాడు లేడు. వరుసగా చెప్పుల జతలు మాత్రం ఉన్నాయి. రబ్బరు చెప్పులు, తెగి తీగతో కట్టినవి, పాత తోలు చెప్పులు. వాటి యజమానులంతా లారీల నీడలో కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఇదేమిటని అడిగితే ఖాజా నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. విత్తనాలకైనా, ఎరువు బస్తాలకైనా ఇక్కడ లైను ఇట్లనే కడతారట. తెల్లారకముందే చెప్పులు పెట్టి నీడకు పోతారు. ముందు జత కదిలితే వెనకవాళ్లు మిగతా జతల్ని ముందుకు జరుపుతారు. మనిషి ఎక్కడున్నా అతని వంతు అతనిదే. ఎదుటివాడి చెప్పులు పక్కకు నెట్టినవాడిని ఆ ఏడాదంతా ఎవరూ పక్కన కూర్చోనివ్వరు.

వాటిని తీయించమన్నాను. ఖాజా తల గోక్కున్నాడు. చివరికి వరుస కోసం కట్టిన తాడు పక్కన చెప్పులు పెట్టుకోవచ్చని, కానీ లెక్క మాత్రం స్లిప్పు టైముదేనని రాజీకి వచ్చాం. స్లిప్పు ఇచ్చేటప్పుడు ప్రతివారికీ "ఈ టైముకు మీ వంతు వస్తుంది" అని చెప్పాను. వాళ్లు బుద్ధిగా తలూపారు. వాళ్ల లెక్కలో వచ్చిన వంతు ఎక్కడికీ పోదు, మనిషి వచ్చేదాకా ఆగుతుంది. ఆ సంగతి నాకు తట్టలేదు.

మే మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మనూర్ వెళ్లే దారిలోని ఒక చిన్న ఊరివాళ్లు. ఒకామె ఎస్తేరమ్మ, యాభై ఐదు దాటి ఉంటుంది. రెండో ఆమె రహీంబీ, ఇంకో నాలుగైదేళ్లు పెద్ద. ఇద్దరివీ ఎండకు కమిలిన ముఖాలు, కూలి పని చేసిన చేతులు. జెయింట్ వీల్‌లో ఒకే డబ్బాలో ఇద్దరం కూర్చుంటామని అడిగి మరీ స్లిప్పు తీసుకున్నారు. నాలుగున్నర నుంచి నాలుగు యాభై వరకు. చెప్పులు తాడు పక్కన వరుసలో పెట్టి, ఖాజాతో రెండు మాటలు మాట్లాడి, రహీంబీ షుగరు మందుల కోసం దవాఖానకు వెళ్లారు. ఆ ఎండలో, ఆ తారు రోడ్డు మీద, వట్టి కాళ్లతో వెళ్లారు. నేను గమనించలేదు.

నాలుగు యాభైకి వాళ్లు రాలేదు. అప్పటికి వాళ్ల రెండు జతలూ వరుస మొదటికి చేరాయి. వెనకవాళ్లే జరుపుకుంటూ తెచ్చారు. ఐదూ పదికి ఇద్దరూ వచ్చారు. దవాఖానలో డాక్టరు ఆలస్యంగా వచ్చాడట. ఇద్దరూ పాదాలు నేల మీద పూర్తిగా ఆనించకుండా నిలబడ్డారు.

టైము దాటిపోయిందని, మళ్లీ ఆరూ నలభైకి గానీ స్లిప్పు లేదని చెప్పాను. వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఆరింటికి. ఎస్తేరమ్మకు నా మాట అర్థం కాలేదు. వరుస వైపు చెయ్యి చూపించింది.

"మా చెప్పులు ఈడ్నే ఉన్నయి గద మేడం. మేము యాడికి పోయినం?"

నేను స్లిప్పు వెనక ఉన్న అచ్చు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చింది. వాళ్ల వెనక వంతు ఒక పురుగుమందుల దుకాణం గుమస్తాది. పక్కన భార్య ఉంది. ముందు వాళ్లని ఎక్కనివ్వండి, వాళ్ల తర్వాతే మేము ఎక్కుతాం అన్నాడతను. ఆ వెనక ఇంకెవరో కూడా అదే అన్నారు. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండింది. జనమంతా ఒక్కటై నా నిబంధన మీదికి వస్తున్నారనిపించింది. వరుస సంగతి నేను చూసుకుంటాను, మీరు ఎక్కండి అని గట్టిగా అన్నాను.

రహీంబీ ఎస్తేరమ్మ మోచెయ్యి పట్టుకుంది.

"పోనీ తియ్ ఎస్తేరు. మేడం నౌకరి మేడంది."

ఇద్దరూ చెప్పులేసుకుని డిపో వైపు నడిచారు. బతిమాలలేదు, తిట్టలేదు.

జెయింట్ వీల్‌కి జనాన్ని ఎక్కించడంలో ఒక పద్ధతి ఉంది. ఎదురెదురు డబ్బాల్లో బరువు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి నిండి, దాని ఎదుటిది ఖాళీగా ఉంటే చక్రం ఆ చోటుకు వచ్చినప్పుడల్లా కుదుపుతుంది. అందుకే ఒక్కో రౌండుకు ఎంతమందో లెక్కగట్టి స్లిప్పులు ఇస్తాం. ఆ రౌండులో గుమస్తా దంపతులు తమ కోసం కిందికి వచ్చిన డబ్బా ఎక్కలేదు. దాన్ని వదిలి తర్వాతి దానిలో కూర్చున్నారు. వాళ్ల వెనకవాళ్లూ ఆ డబ్బా జోలికి పోలేదు. నేను చెయ్యి ఊపి పిలిచినా ఒకాయన "అది వాళ్లది" అని పక్కకు జరిగాడు. ఆపరేటరు నా వైపు చూశాడు. అతను బరువు సరిచేయడానికి రెండు ఇసుక మూటలు తెచ్చి ఆ డబ్బాలో పెట్టి గొళ్లెం వేశాడు.

చక్రం తిరిగింది. వాళ్ల బదులు ఇసుక మూటలు పైకి వెళ్లి కిందికి వస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. వెనకవాళ్లకు అన్యాయం జరగకూడదనే కదా నా గడియారం. ఆ వెనకవాళ్లలో ఒక్కరు కూడా నేను మిగిల్చిన చోటు తీసుకోలేదు. నాకు చాలా సిగ్గేసింది.

అప్పుడు ఖాజా నా ముఖం చూడకుండా, తాడు సరిచేస్తూ చెప్పాడు.

"రేపు పొద్దుగాల రహీంబీ బీదర్ పోతుంది మేడం, బిడ్డ తాన్కి. ఇగ ఆడ్నే ఉంటది. ఇద్దరు ముప్పయ్యేండ్ల సంది పక్కపక్క సాలల్ల కలుపు తీసిండ్రు. గీ రాట్నం ఒక్కసారి గల్సి ఎక్కుదమనుకున్నరు."

ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. మీరు గడియారం చూస్తుండిరి అన్నాడు.

జనరేటరుకు డీజిల్ తెచ్చే మా ట్రాలీ ఆటో అక్కడే ఉంది. డ్రైవరును లేపి డిపోకు వెళ్లాను. బస్సు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని పాదాల మీద నీళ్లు పోసుకుంటున్నారు. ముందు కంట్రోలరు దగ్గరికి పోయి బస్సును పావుగంట ఆపగలరా అని అడిగాను. ఆయన మర్యాదగానే కుదరదన్నాడు. బస్సులో కూర్చున్న మిగతావాళ్లు ఊరుకుంటారా అని అడిగాడు. ఆ ప్రశ్న నేను ఎన్ని వందల మందిని అడిగానో నాకే తెలియదు. ఆయనను తప్పుపట్టలేకపోయాను.

బస్సెక్కి ఇద్దరికీ చెప్పాను. నాది తప్పయింది, రండి, ఎక్కినాక మా బండిలో మీ ఊళ్లో దింపిస్తాను అన్నాను. ఎస్తేరమ్మ నన్ను కింది నుంచి మీదికి చూసింది. ఇప్పుడు టైము అయిపోలేదా మేడం అని అడిగింది. బస్సులో సగం మంది నవ్వారు, నేనూ నవ్వాను. రహీంబీ మాత్రం సందేహించింది. బస్సు పోతే ఎట్లా, సామాను సర్దుకోవాలె అంది. ఎస్తేరమ్మ ఆమె మందుల సంచి అందుకుని ముందే దిగిపోయింది. ఇక రహీంబీ దిగక తప్పలేదు.

మేము తిరిగి వచ్చేసరికి ఆరు కావస్తోంది. వరుసలో ఉన్నవాళ్లు ఏమీ అడగకుండా దారి ఇచ్చారు. ఆపరేటరు ఇసుక మూటలు దింపి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. చక్రం కదలగానే రహీంబీ కళ్లు మూసుకుని ఎస్తేరమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుంది. రెండో చుట్టుకు కళ్లు తెరిచింది. రౌండు అయ్యాక దింపేటప్పుడు కూడా ఎదురెదురు డబ్బాల్నే జతగా ఖాళీ చేస్తాం, ఏ జత చివరో ఆపరేటరు ఇష్టం. వాళ్ల డబ్బా చివర అని నేను చెయ్యి ఊపాను. అలా వాళ్లు పైన మరి కాసేపు ఉండగలిగారు. ఎస్తేరమ్మ దూరంగా రోడ్డు వైపు చెయ్యి చాపి ఏదో చూపిస్తోంది, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

దిగాక ఊరు కనిపించిందా అని అడిగాను.

"ఊరు కానరాలే మేడం," అంది ఎస్తేరమ్మ. "మా బస్సు కానొచ్చింది. మేము లేకుండనే పోతుంది."

అది చెప్పి మళ్లీ నవ్వింది. రహీంబీ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"రేపు పొయ్యేటప్పుడు ఏడ్వొద్దని, ఇయ్యాల్నే నవ్వుకుందమని వచ్చినం."

గడియారం మేడం అందరి ముందూ కళ్లు తుడుచుకుంది. ఖాజా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ట్రాలీ ఆటోలో డీజిల్ డబ్బాల మధ్య చాప వేసి ఇద్దరినీ కూర్చోబెట్టి పంపాం. మలుపు తిరిగేదాకా వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

ఆ రోజు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను: ఒక డబ్బాలో ఇసుక మూటలు పెట్టి తిప్పాం, గడువు దాటిన ఇద్దరిని ఎక్కించాం, కంపెనీ బండిని బయటి పనికి వాడాం. హెడ్డాఫీసు సంజాయిషీ అడిగింది, ఇచ్చాను. పార్కుకు తిరిగి వచ్చాక గేటు నిబంధనల్లో ఒక వాక్యం చేర్చమని కోరాను. ఎవరైనా ఆలస్యంగా వస్తే గేటు మనిషి తనంత తాను నిర్ణయించకూడదు. ముందుగా వరుసలో ఉన్నవారిని అడగాలి. ఒప్పుకుంటే ఎక్కించాలి, ఒప్పుకోకపోతే మర్యాదగా తిప్పి పంపాలి. చాలా వాదన తర్వాత, ముందు నా గేట్లలో చేసి చూడమన్నారు.

నగరంలో వరుస చాలాసార్లు కాదనే అంది. అన్నప్పుడు నేను మునుపటిలాగే తిప్పి పంపాను, అందుకు బాధపడలేదు. రిటర్న్ టైము అనేది ఎదురుచూస్తున్నవాళ్లకు మేము ఇచ్చిన మాట. దాన్ని సడలించే హక్కు వాళ్లది. వాళ్లను అడగకుండా సడలించడం ఎంత తప్పో, వాళ్లను అడగకుండా బిగించడం కూడా అంతే తప్పు. నారాయణఖేడ్‌లో ఆ సాయంత్రం వరుసలోనివాళ్లు నేను అడగకముందే తమ జవాబు చెప్పారు. నేను అడగలేదు కాబట్టి వినలేదు. రిటైరయ్యేదాకా ఆ తప్పు మళ్లీ చేయలేదు.