మీరా సాహెబ్ సారు పట్టు

మీరా సాహెబ్ గారికి చేతకాని పని ఒక్కటే, పట్టుకున్న చెయ్యి వదలడం. నరసరావుపేటలో ఆయనకు చెయ్యందించినవాడు అనుకున్న బస్సు ఎక్కిన దాఖలా లేదు. లాగబోతే ఇంకా బిగిస్తారు. అందుకే తోటి లెక్చరర్లు ఆయన ఎదురుపడితే ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో క్యారేజీ పట్టుకునేవాళ్లు. ఆయన మోచెయ్యి పట్టుకునేవారు.

ఓ పెళ్లిలో పెళ్లికొడుకును అలాగే పట్టుకుని పలకరిస్తుంటే, పంతులుగారు "సార్, ఆ చెయ్యి ఇప్పుడు అమ్మాయికి కావాలండీ" అని బతిమాలుకున్నాడు.

కాలేజీలో సారు చెప్పేది జువాలజీ. "కణానికీ చేతులుంటాయిరా, ఇంటిగ్రిన్లంటారు. చుట్టూ ఉన్న అల్లికను పట్టుకునుంటాయి. లాగావనుకో, ఊడిరావు, బిగుస్తాయి. పక్క చేతుల్ని కూడా పోగేస్తాయి" అంటూ దొరికినవాడి మీద చేసి చూపించేవారు. ఆ భయానికి ముందు బెంచీ ఎప్పుడూ ఖాళీ. ఐజాక్ ఒక్కడే కూర్చునేవాడు.

ఆ ఐజాక్ ఇవాళ సాయంత్రం బస్టాండులో సంచీతో నిలబడ్డాడు. గురజాల దగ్గర నాయన వేసిన మిర్చి తెగులుకు మాడిపోయింది. రూము ఖాళీ చేసేశాడు. రేపటి పరీక్ష వదిలేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతున్నాడు. ఇక చదువు లేదు. తను పోయినా ఈ ఊళ్లో అడిగే దిక్కు లేదన్న దిగులుకు ఏడుపు కూడా రావడం లేదు.

"ఏంది ఐజాకూ, ఎక్కడికి?"

చెయ్యి దొరికిపోయింది. అడిగిన పాపానికి అంతా చెప్పుకున్నాడు. బస్సు కదలబోయింది.

"వదలండి సార్, బస్సు పోద్ది!"

"పోనీరా. రోజూ పోయేదేగా."

ఐజాక్ బలంగా లాగాడు. పట్టు బిగిసింది. ఆ పెనుగులాట చూసి కాలేజీ అటెండరు కరీముల్లా పరిగెత్తుకొచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. "పరీక్ష ఎగ్గొడతన్నాడా సార్?"

అంతా వింటున్న టీకొట్టు గుల్జార్ బేగం వచ్చి సంచీ లాక్కుంది. "మా మిద్దె మీద గది ఖాళీగానే ఉందిరా. పరీక్షలయ్యేదాకా ఉండు."

"అన్నం మా ఇంటికాడ్నుంచి తెస్తా" అన్నాడు కరీముల్లా.

"చూశావా, పక్క చేతులు!" అని సారు మురిసిపోయారు.

కండక్టరు తల బయటపెట్టాడు. "ఇంతకీ ఎక్కేదెవరండీ?"

ఎవరూ ఎక్కలేదు. బస్సు పోయింది. ఐజాక్ టీకొట్టు బల్ల మీద కూలబడి, లాగడం మానేసి, వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి చూసుకుంటే సారు వేళ్లు సడలి ఉన్నాయి.

"సార్, వదిలేశారే!"

"లాగుడు ఆగితే పట్టూ సడలుద్ది. ఆ పాఠం కూడా చెప్పాగా."

అప్పుడు తట్టింది ఐజాక్‌కు. సారు బస్సు తప్పించినవాళ్లంతా ఏదో ఒకటి వదిలేసి పోబోయినవాళ్లే. ఆ పెళ్లికొడుకు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

"రేపు పరీక్ష రాస్తాను సార్."

"రాద్దువు గాని. ముందు టీ తాగుదాం, నా చెయ్యి వదులు."