టకటకమ్మ కంప్యూటరుకి కొత్త పళ్ళు

మా వీధిలో మా అత్తయ్యని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. టకటకమ్మ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. మా ఇల్లెక్కడని అడగాల్సిన పని కూడా లేదు. మలుపు తిరిగితే చాలు, ముందుగది కిటికీలోంచి టైపు చప్పుడు వినబడుతుంది. దాన్ని పట్టుకుని నడిచొచ్చేయడమే. పెళ్ళైన కొత్తలో ఆ చప్పుడుకి నాకు తల పగిలిపోయేది. ఇప్పుడది వినబడకపోతే ఏ పనీ తోచదు.

కోర్టు కాగితాలు టైపు చేయడం అత్తయ్య పని. వకీలుగారి గుమాస్తా పొద్దున్నే చేత్తో రాసిన కట్ట తెచ్చి పడేస్తాడు. ఆ కోడిగీతలు రాసినాయనకే అర్థం కావు, ఈవిడకి అవుతాయి. పాత టైపు మిషను మీద నేర్చుకున్న చెయ్యి కదా, కీబోర్డు వంక చూడనే చూడదు. టైపు చేస్తూనే నన్ను తిడుతుంది, ఫోన్లో చెల్లెలితో ముచ్చట్లాడుతుంది, వంటింట్లో పాలు పొంగుతున్నాయని కేక పెడుతుంది. ఒక్క తప్పు పడితే ఒట్టు. మామయ్య పోయాక మా ఆయన్నీ, మా ఆడపడుచునీ ఆ పది వేళ్ళతోనే పెంచింది. ఈ సంగతి ఆవిడెప్పుడూ చెప్పదు. మా ఆయన చెబుతాడు, చెప్పి ముక్కు చీదుకుంటాడు.

ఇక ఆవిడ కంప్యూటరు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, నేను చూసేసరికే పసుపుపచ్చగా అయింది. బటన్ నొక్కి, వెళ్ళి గిన్నెలు కడుక్కుని, చెల్లెలికి ఫోన్ చేసి వస్తే అప్పటికి కళ్ళు తెరిచేది. అదైనా పర్వాలేదు. అత్తయ్య వేళ్ళ జోరుని అది అందుకోలేకపోయేది. ఈవిడ వాక్యం పూర్తిచేసి చేతులు కట్టుకుని కూర్చుంటే, అప్పుడు ఒక్కో అక్షరం తీరిగ్గా తెర మీదకి వచ్చేది. "రండి నాన్నా, రండి. తొందరేముంది, మీకోసమే కూర్చున్నా" అనేది వాటితో.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ముక్కు మీద కోపం, అచ్చం వాళ్ళమ్మ పోలిక. అత్తయ్య వేళ్ళు పొద్దున పూట వాచిపోతున్నాయని నాకు ముందే తెలుసు. చెబితే ఊరుకోనని నా నోరు మూయించింది. ఒకరోజు సీసా మూత తిప్పలేక, గుడ్డ చుట్టి, పళ్ళు బిగించి తంటాలు పడుతుంటే ఆయన కంటబడింది.

"ఇక చాలమ్మా. ఆ పని మానెయ్. నేను సంపాదిస్తున్నాను కదా."

"నువ్వు సంపాదిస్తే నువ్వు తిను. నా పని జోలికి రాకు."

మాటా మాటా పెరిగింది. మధ్యలో నేను వెళ్ళబోతే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. చివరికి అత్తయ్య లేచి నిలబడి కంప్యూటరు మీద చెయ్యి వేసింది. "సరే రా. ఈ మిషను పనిచేసినన్నాళ్ళూ నేను చేస్తాను. ఇది ఆగిపోయిన రోజు నేనూ మానేస్తాను. మాటిస్తున్నా, పో!"

అత్తయ్య మాటిచ్చిందంటే ఇక అంతే సంగతులు. పక్కింటావిడతో పలకనని ఒకసారి మాటిచ్చింది. వాళ్ళ కుళాయి పొంగి వీధంతా నీళ్ళైపోతుంటే, అది చెప్పడానికి కూడా నన్నే పంపింది. అంత మొండిఘటం.

అప్పట్నుంచి మా ఆయన పని నుంచి రాగానే చెప్పులు విడుస్తూనే "పేషెంటు ఎలా ఉంది?" అనేవాడు. "నీకంటే బాగుంది" అనేది ఈవిడ. పాపం, ఆయన్ని తప్పుపట్టలేం. అమ్మ చేతులు చూడలేక కంప్యూటరు చావు కోసం ఎదురుచూసే కొడుకుని ఏమంటాం?

కంప్యూటరు మాత్రం రోజురోజుకీ నీరసించిపోతోంది. ఒకరోజు అత్తయ్య కూరగాయలు తరుగుతూ ఫోన్లో ఏదో వీడియో చూస్తోంది. ఉన్న ప్రాసెసరునే దాని శక్తికి మించి ఎలా పరిగెత్తించాలో చెబుతున్నాడు అందులో ఎవరో. ఓవర్‌క్లాకింగ్ అంటారట. మా ఆయన తొంగిచూసి మురిసిపోయాడు.

"చెయ్యమ్మా, తప్పకుండా చెయ్. వేడెక్కి ఒక్కరోజులో చస్తుంది. నాకూ పీడా వదులుతుంది."

"ఛీ, నోరు ముయ్. ముసలిదాన్ని పరిగెత్తించడం ఏంట్రా, పాపం కాదూ! దానికి ఓపిక వచ్చే దారి చూస్తాను" అంది అత్తయ్య.

అలా మొదలైంది. అంతవరకూ ప్లగ్గు పెట్టడం తప్ప కంప్యూటరు లోపల ఏముంటుందో ఎరగని మనిషి, వారం తిరక్కుండా ర్యామ్ అని, ఎస్ఎస్‌డీ అని నాకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. "ర్యామ్ అంటే బల్ల అనుకో. బల్ల చిన్నదైతే కాగితాలు కిందపడతాయి. ఎస్ఎస్‌డీ అంటే బీరువా. పాత బీరువాలో వెతికేసరికి తెల్లారిపోతోంది, అర్థమైందా?" అర్థమైందని తలూపాను. ఊపకపోతే మళ్ళీ మొదటినుంచి చెబుతుంది.

పాత డిస్కు తనే ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టుకుని పార్టుల షాపుకి బయల్దేరింది. తోడుగా నేను. కంప్యూటరు ఎంత పాతదో వినగానే షాపాయన నవ్వేశాడు. "అమ్మా, దాన్ని తూకానికి వేసేయండి."

"నా వయసు కూడా చెబుతాను, నన్నూ వేస్తావా?"

షాపాయన గతుక్కుమన్నాడు. దానికి సరిపోయే ర్యామ్ వెతికిచ్చి, పాత డిస్కులో ఉన్నదంతా కొత్త ఎస్ఎస్‌డీలోకి ఎక్కించి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "ఇది అన్యాయం. ఈ మిషను అని మాటిచ్చావు. లోపలివన్నీ మార్చేస్తే ఇక అది ఈ మిషను ఎలా అవుతుంది?"

అత్తయ్య నోరంతా తెరిచి, కట్టుడు పళ్ళ మీద గోటితో టిక్కుటిక్కుమని కొట్టింది. "ఇవి పెట్టించుకున్నాక నన్ను అమ్మా అనడం మానేశావా?"

ఆయన నా వంక చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను నవ్వాపుకోలేక గబగబా వంటింట్లోకి పారిపోయాను. తీర్పు అయిపోయినట్టే.

ఆదివారం పొద్దున ఆపరేషను. ముందుగదిలో బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి కంప్యూటరుని పడుకోబెట్టాం. నేను టార్చి పట్టుకున్నాను. తీసిన స్క్రూలన్నీ టీ కప్పులో వేస్తున్నాం. మా ఆయన సాయం చేయనని ఒట్టు పెట్టుకుని, పేపరు అడ్డం పెట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నాడు. పేపరు ఎంతకీ పేజీ తిరగదు.

మూత తీసి టార్చి వేశాక చూడాలి, డిస్కు ఊడదీసిన రోజు కనబడలేదు గానీ, లోపల దుమ్ము దిండులో దూదిలా కమ్మేసి ఉంది. ఇక అత్తయ్య ఆగుతుందా! టైపు మిషను రోజుల్లో వాళ్ళ మాస్టారు పాఠం ముందు చెప్పేవాడు కాదట. ముందు మిషను తుడవాలి, అక్షరం అక్షరానికీ మసి వదిలించాలి, ఆ తర్వాతే కూర్చోవాలి. ఆ అలవాటు ఎముకల్లో ఉండిపోయింది. బ్రష్షుతో మూలమూలలా దులిపింది. ప్రాసెసరు మీద ఫ్యాన్ కూడా ఊడదీసింది. దాని అడుగున బూడిదరంగులో ఎండిపోయిన జిడ్డు లాంటిదేదో అతుక్కుని ఉంది.

"చూశావా ఎంత మురికో! ఊపిరాడక చస్తోంది పాపం. స్పిరిట్ తే."

తెచ్చిచ్చాను. దూదితో రుద్ది, రుద్ది, ముఖం చూసుకునేలా తళతళలాడించింది. నాకూ ముచ్చటేసింది. ఫ్యాన్ ఎక్కడిదక్కడ బిగించి, ఎస్ఎస్‌డీ తగిలించి, ర్యామ్ పెట్టి బటన్ నొక్కింది.

కుయ్ కుయ్‌మని ఒకటే మోత. తెర నల్లగానే ఉంది. మా ఆయన పేపరు దించాడు. అత్తయ్య కంగారు పడలేదు. ర్యామ్ తీసి మళ్ళీ పెట్టింది, రెండు పక్కలా బొటనవేళ్ళతో నొక్కింది. టక్కుమంది. "ఇందాక ఒక పక్కే టక్కుమంది, నేను విన్నాను" అని మళ్ళీ బటన్ నొక్కింది.

ఈసారి నేను టార్చి కింద పెట్టేలోపు తెర వెలిగిపోయింది! అత్తయ్య కుర్చీ లాక్కుని గుమాస్తా ఇచ్చిన కట్టలోంచి ఒక కాగితం తీసి మొదలుపెట్టింది. వేలు పడటం ఆలస్యం, అక్షరం అక్కడుంటోంది. ఆవిడ ఎంత వేగం పెంచితే అంత వేగంగా వస్తున్నాయి. చిన్నపిల్లలా పకపకా నవ్వేసింది. "ఒరే, చూడరా! నాతో సమానంగా వస్తోందిరా!" మా ఆయన లేచొచ్చి వెనక నిలబడ్డాడు. ఏం దాచుకుందామనుకున్నాడో గానీ ముఖమంతా సంతోషమే.

పేజీ సగంలో తెర ఠక్కున ఆరిపోయింది.

మళ్ళీ వేస్తే వచ్చింది, కాసేపు పనిచేసి మళ్ళీ ఆరింది. ఇంకోసారీ అంతే. ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, ఉన్నట్టుండి చీకటి. అత్తయ్య లేచి, కింద పరిచిన దుప్పటే తీసి కంప్యూటరు మీద కప్పింది.

"ఆగిపోయింది. మాటంటే మాటే."

"షాపాయనకి ఒకసారి చూపిద్దాం అత్తయ్యా" అన్నాను.

"అక్కర్లేదమ్మాయ్. దాని పని అయిపోయింది, నా పనీ అయిపోయింది."

మర్నాడు గుమాస్తా వస్తే కట్ట తిరిగి చేతిలో పెట్టి, వేరేవాళ్ళని చూసుకోమంది. ఆయన బతిమాలాడు, వినలేదు. ఇక చూడండి మా ఇంటి సంగతి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, కేక పెట్టే దిక్కు లేదు. అత్తయ్య మంచం మీద కూర్చుని, ఉన్న బట్టలే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. వీధిలోవాళ్ళు ఒంట్లో బాగుందా అని అడిగిపోతున్నారు. తిట్టమని నేనే బతిమాలే పరిస్థితి వచ్చింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కోరింది దక్కిన మా ఆయన సంబరపడాలి కదా? మొదటి రోజు "హమ్మయ్య" అన్నాడు. రెండో రోజు అన్నం ముందు కూర్చుని, "ఇల్లు ఇల్లులా లేదే" అన్నాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం పని నుంచి వస్తూ పార్టుల షాపుకి వెళ్ళాడట. జరిగింది విని షాపాయన ఒక్కటే అడిగాడట, ఫ్యాన్ కింద ఉన్న పేస్టు ఎవరైనా తుడిచేశారా అని.

ఇంటికి వచ్చి చెప్పులతోనే ముందుగదిలోకి నడిచాడు. జేబులోంచి చిన్న ట్యూబు తీసి అమ్మ ముందు పెట్టాడు.

"నువ్వు మురికనుకుని తళతళలాడించావు చూడు, అదే మందు. ప్రాసెసరు వేడిని లాగి ఫ్యాన్‌కి అందించేది ఆ పేస్టే. ఎండిపోతే కొత్తది పూయాలి గానీ, తుడిచి వదిలేస్తారా?"

అత్తయ్య ముఖం చిన్నబోయింది. "అయినా సరే, ఆగిపోయింది కదా. మాటిచ్చాను."

"ఆగిపోలేదమ్మా." ఆయన కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు. "కాలిపోకుండా తనే ఆపుకుంది. మా లిఫ్టులూ అంతే, బరువు ఎక్కువైతే కదలవు. నీ కంప్యూటరుకి ఉన్న బుద్ధి నీకు లేదు. వేళ్ళు వాచినా ఆగవు, మూత తిప్పలేకపోయినా ఆగవు. నిన్ను మానెయ్యమన్నది పని మీద కోపంతోనా? నువ్వు ఆగవనే కదా నా భయం!"

అత్తయ్య చాలాసేపు తన వేళ్ళ వంకే చూసుకుంది. తర్వాత లేచి దుప్పటి లాగేసింది. "టార్చి పట్టుకో."

ఆయన ట్యూబు మూత తీసి పూయబోతే చేతిలోంచి లాక్కుంది. "తుడిచింది నేను, పూసేదీ నేనే." కందిగింజంత వేసి ఫ్యాన్ బిగించింది. ఈసారి పేపరు లేదు, కుర్చీ లేదు, మా ఆయనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు. కంప్యూటరు వెలిగింది, ఆరలేదు. పేజీ అయింది, రెండో పేజీ అయింది, ఆరలేదు.

మర్నాడు కబురందుకుని గుమాస్తా కట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా వీధికి మళ్ళీ చప్పుడొచ్చింది. మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను, మా ఆయన భోజనానికొచ్చి నాతో ఏదో చెబుతున్నాడు. ఉన్నట్టుండి ముందుగదిలో టకటక ఆగిపోయింది. ఇద్దరం ఒక్క ఉదుటున పరిగెత్తాం.

తెర వెలుగుతూనే ఉంది. వాక్యం సగంలో ఉంది. అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు మెల్లగా ముడుచుకుంటూ, చాచుకుంటూ, కిటికీలోంచి వీధి చూస్తోంది.

"ఏంటలా చూస్తారు? వేడెక్కాయి, ఆపాను" అంది.

మా ఆయన వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.