కారం తాలికల్లో వెంట్రుక

జోగారావుగారికి హోటల్లో తినడం కన్నా హోటలువాణ్ణి చేతులు కట్టించి నిలబెట్టడం ఇష్టం. డబ్బు లేక కాదు, నిక్షేపంలాంటి సర్కారు ఉద్యోగం. కానీ ప్లేటులో ముప్పావు వంతు లాగించాక అందులో ఏదో ఒకటి దొరకాలి. ఈగో, బొద్దింక కాలో, సబ్బు ముక్కో. అప్పుడాయన లేచి నిలబడాలి, హాలంతా ఇటు తిరగాలి, మేనేజరు పరుగున రావాలి. ఆ దొరికేవన్నీ ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టెలో వస్తాయన్న సంగతి లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆవిడ ఆయన భార్య కామేశ్వరమ్మ.

తెలిసి ఏం చేసిందయ్యా అంటే, ఏమీ చెయ్యలేదు. తల వంచుకుని కూర్చుంది. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి తొంభై ఆరులో కొంపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఓ రోజు చొక్కా ఉతకబోతే జేబులో అగ్గిపెట్టె తగిలింది. తెరిచి చూస్తే చచ్చిన ఈగలు, అదీ దూది పరిచి మరీ! ఒళ్లంతా కంపరమెత్తింది. ఆ చేత్తోనే ఆయన అన్నం కలుపుకుంటూంటే చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. గట్టిగా అడిగితే, "నీకెందుకే? హోటళ్లవాళ్లకి భయముండాలి" అన్నాడు. మహానుభావుడు, దేశసేవ!

మేడ్చల్ రోడ్డు మీద హోటళ్లన్నీ అయిపోయాక షామీర్‌పేట వైపు బయల్దేరారు. అక్కడో ధాబాలో పప్పులో వెంట్రుక వచ్చిందని జోగారావు చేసిన రభసకి, వంటావిణ్ణి అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. పెద్దావిడ. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ రోడ్డెక్కింది. 'వెంట్రుక మటుకు నిజంగానే వచ్చిందేమోలే, అగ్గిపెట్టెలో ఉండేవి ఈగలే కదా' అని కామేశ్వరమ్మ తనకి తాను సర్ది చెప్పుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకి కొంపల్లిలో తారాబాయి కొట్టు పెట్టింది. తారాబాయిది సూరారం. దూలపల్లిలో ఓ ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి కొరియా ఇంజనీర్లు వస్తే, వాళ్ల గెస్ట్ హౌసులో వంటకి కుదిరి, వాళ్ల వంటలన్నీ పట్టేసింది. వాళ్లు వెళ్లిపోయాక మొగుడు బాలేష్‌తో కలిసి రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని 'కొరియా టిఫిన్ సెంటర్' అని బోర్డు కట్టింది.

వచ్చేవాళ్లు మాత్రం సామాన్యులా! ఒకడు క్యాబేజీ ఊరగాయ జాడీ మూత తీసి, ముక్కు మూసుకుని, మూత అలాగే వదిలేసి పోయాడు. ఇంకొకడు ఇది ఏం మాంసం అంటూ పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ఇకిలించాడు. కారులో దిగిన ఓ పెద్దమనిషైతే కొరికిన ముక్కనే మళ్లీ అందరి చట్నీ గిన్నెలో ముంచాడు. ఎంగిలండీ, ఎంగిలి! తారాబాయి గిన్నె తీసుకెళ్లి మోరీలో పారబోసి వచ్చింది. ఓ ఇల్లాలు తినడానికిచ్చిన పుల్లలు రెండూ కొప్పులో గుచ్చుకుని చక్కా పోయింది.

"గీళ్లతోని మస్తు పరేషానక్కా" అంది తారాబాయి ఓసారి కామేశ్వరమ్మతో. "తినేతందుకొస్తుర్రా, ఎక్కిరిచ్చేతందుకొస్తుర్రా సమజైతలేదు."

కామేశ్వరమ్మని అక్కడికి మొదట తీసుకెళ్లింది పక్కింటి శేషారత్నం. బియ్యప్పిండి ఉడికించి వేలెడంత గొట్టాలు చేసి, ఎర్రటి కారం పులుసులో వేసిచ్చింది తారాబాయి. నోట్లో పెట్టుకోగానే కామేశ్వరమ్మ నవ్వేసింది. "ఓసి నీ దుంపతెగ! ఇవి మా తాలికలేనే! మేం పాలల్లో వేస్తాం, నువ్వు కారంలో వేశావు!" అప్పట్నుంచీ జోగారావు ఆఫీసుకెళ్లాక వారానికోసారి వెళ్లేది. ఇన్నేళ్లలో అగ్గిపెట్టె భయం లేకుండా, తలెత్తుకుని తిన్న బయటి తిండి అదొక్కటే. ఆ ఒక్క చోటూ ఈయన కంటబడకుండా ఉంటే చాలని వెయ్యి దేవుళ్లకి మొక్కుకుంది.

శేషారత్నం నోరు ఊరుకుంటుందా? ఓ రోజు గేటు దగ్గర కారం తాలికల గొప్ప చెప్పేసింది.

"నాకు చెప్పకుండా తింటున్నావన్నమాట! ఆదివారం పద" అన్నాడు జోగారావు.

"ఆ వాసన మీకు పడదండీ."

"పడుతుందో లేదో నేను చూస్తాగా."

ఆదివారం బయల్దేరేముందు కామేశ్వరమ్మ ఆయన చొక్కా జేబు తడిమింది. అగ్గిపెట్టె లేదు. హమ్మయ్య అనుకుంది.

కొట్టు వారం రోజులుగా మూసి ఉంది, ఆ రోజే తెరిచారు. తారాబాయి తలకి గుడ్డ చుట్టుకుని పొయ్యి దగ్గర నుంచే పలకరించింది. తిరుపతి పోయొచ్చినమంటూ లడ్డూ ముక్క చేతిలో పెట్టింది. సారొచ్చిండని ఇంకో గరిటె ఎక్కువే వేసింది. జోగారావు పులుసు జుర్రుకుంటూ తిన్నాడు. సగం అయింది, ముప్పావు అయింది. కామేశ్వరమ్మ తన ప్లేటులో తాలికల్ని అటూ ఇటూ కదుపుతోంది.

"ఏమిటిది?"

లేచి నిలబడ్డాడు. రెండు వేళ్ల మధ్య ఇంత పొడుగు వెంట్రుక, కారం ఓడుతూ. పక్క బల్ల మీద అమ్మాయి నోట్లోది ప్లేటులో ఉమ్మేసింది. ఎవరో 'యాక్' అన్నారు. ఇద్దరు లేచి బయటికి నడిచారు.

"తిండి పెడుతున్నారా, పెంట పెడుతున్నారా? రేపే మున్సిపాలిటీవాళ్లని తీసుకొస్తా. ఈ కొట్టుకి తాళం వేయించకపోతే నా పేరు జోగారావు కాదు!"

తారాబాయి మొహం పాలిపోయింది. "మా దాంట్ల వెంట్రుక రాదు సారూ."

"రాక? ఆకాశంలోంచి ఊడిపడిందా? నీ నెత్తి మీదదే!"

తారాబాయి గరిటె కింద పెట్టింది. చేతులు తుడుచుకుని తల మీద గుడ్డ లాగేసింది. నున్నటి గుండు, దాని మీద ఇంకా గంధం. వెనకాల బాలేష్ టోపీ తీశాడు. అదీ గుండే.

"మొక్కుండె సారూ. ఇద్దరం ఇచ్చినం. ఇగ జెప్పు, ఎవ్వరిదిది?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. జోగారావు మాత్రం తగ్గలేదు. "అయితే బియ్యంలో వచ్చుంటుంది! కారంలో వచ్చుంటుంది! శుభ్రం లేని కొంప!" అని వెంట్రుకని అందరికీ కనబడేలా ట్యూబులైటు కిందికెత్తాడు. నవ్వులు ఆగాయి. నిజమేనేమో అన్నట్టు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

కామేశ్వరమ్మ కూడా చూసింది. కారం జారిపోయింది. వెంట్రుక మొదలు తెల్లగా ఉంది, అక్కణ్ణుంచి చివరిదాకా గోరింటాకు ఎరుపు.

వెంట్రుకలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వస్తే ఇవ్వడానికని, దువ్వుకున్నప్పుడు రాలినవి ఉండ చుట్టి కిటికీ సందులో సంచిలో దాస్తుంది ఆవిడ. ఆ సంచి కళ్ల ముందు కనబడింది. దాని వెనకే షామీర్‌పేట ధాబా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిన పెద్దావిడ. ఆ పప్పులో వచ్చిందీ నాదే. నా తలదే. ఛీ, ఛీ! ఈగల పక్కన నన్ను కూడా చేర్చాడు.

లేచి నిలబడింది. తన గోరింటాకు జడ ముందుకి లాక్కుని, ఆయన చేతిలో వెంట్రుక పక్కన పెట్టింది.

"ఇది నాది" అంది. "నా వెంట్రుక. ఈయనే ఇంట్లోంచి తెచ్చి వేశారు. ఏ హోటలుకెళ్లినా ఇదే పని. ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను, థూ నా బతుకు! తారాబాయీ, నీ తిండిలో ఏ దోషం లేదు."

"మతిపోయిందా నీకు?" అన్నాడు జోగారావు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఉమ్మేసిన అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, ఇంకో ప్లేటు చెప్పింది.

"కూసో అక్కా" అంది తారాబాయి. "సల్లారిపోతాంది, తిను."

కామేశ్వరమ్మ కూర్చుని తన ప్లేటు ఖాళీ చేసింది. ఆయన బయట స్కూటరు దగ్గర నిలబడ్డాడు.

దారి పొడుగునా సణిగాడు. "పది మందిలో నా పరువు తీశావు. కట్టుకున్నదానివేనా?"

"ఏవండీ, తిరుపతికి టిక్కెట్లు తియ్యండి."

"ఇప్పుడెందుకు?"

"గుండు చేయించుకోవాలి."

స్కూటరు గక్కున ఆగింది. "ముత్తయిదువవి! నేను నిక్షేపంలా బతికుండగా నీకు గుండేమిటే? చూసినవాళ్లు నేను పోయాననుకోరూ?"

"అనుకోనివ్వండి" అంది కామేశ్వరమ్మ. "ఇంట్లో మీకింకో వెంట్రుక దొరక్కూడదు."